అన్నను దాటిన నడక

పక్షవాతం వచ్చి ఎడమకాలు ఈడుస్తున్న భిక్షపతిని చూసి, "అచ్చం మీ అన్న నడకనే" అన్నారు పోచంపల్లి చుట్టాలు. అన్న కోదండం చిన్ననాటి నుంచీ అట్లాగే నడిచేవాడు. పోయి రెండేళ్ళయింది.

భిక్షపతి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం గుమాస్తా. దసరా నాటికి పొద్దంతా నిలబడగలిగితేనే పని, లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు సేటు. అందుకే ఎల్‌బీ నగర్‌లోని వ్యాయామశాలకు వస్తున్నాడు. 2013 సెప్టెంబరు, బయట ప్రత్యేక రాష్ట్రం ఊరేగింపులు, లోపల కళ్ళకు కట్టే కొత్త డబ్బా. అది కట్టుకుని ట్రెడ్‌మిల్ ఎక్కితే గోడ మాయమై చింతచెట్ల బాట వస్తుంది. నీడ బాటన కోసులు నడిచే మనిషే వాకిట్లో నాలుగు చుట్లకు రొప్పుతాడు. దేశాలు తిరిగినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. గోడ చూస్తూ ఐదు నిమిషాలకు దిగిపోయే భిక్షపతి, ఆ బాట మీద ఇరవై నిమిషాలు నడిచాడు.

మూడోనాడు బాట మీద ఒక మనిషి కనిపించాడు. బూడిదరంగు వీపు. ఎడమకాలు ఈడుస్తున్నాడు.

ఆనాటి నుంచి భిక్షపతి వేగం పెరగలేదు. ఆ వీపుకు రెండడుగుల దాకా వచ్చి నెమ్మదిస్తాడు.

"దాటండి బాబాయ్! దాటితేనే ఆట గెలిచినట్టు," అంది వ్యాయామం చేయించే సూర్యప్రభ. గుంటూరు పిల్ల.

"ఎట్ల దాటాలె బిడ్డా? పెద్దోని ముంగట నడుస్తరా ఎవరన్న?"

"పెద్దోడెవరు? అది మీరే! నిన్నటి మీ నడకని ఈ డబ్బా దాచి ఇవాళ చూపిస్తుందంతే."

"గా కాలు నాది గాదు. మా అన్నది."

"మీవాళ్ళు మమ్మల్ని పొమ్మంటున్నారు. నేను పోయేలోపైనా కాస్త నడవండి!"

భిక్షపతి నవ్వాడు. దసరా గుర్తొచ్చి నవ్వు ఆగింది. గాలిలోనే దండం పెట్టాడు. "అన్నా, జర తొవ్వియ్యి."

బూడిదరంగు మనిషి పక్కకు తప్పుకున్నాడు. భిక్షపతి దాటాడు.

"దాటేశారు!" సూర్యప్రభ చప్పట్లు కొట్టింది.

వెనక నుంచి చెప్పు నేలకు రాసుకుంటున్న చప్పుడు.

"బిడ్డా, ఎనక నడుస్తున్న చప్పుడు తగ్గియ్యి."

"ఇందులో చప్పుళ్ళుండవు బాబాయ్."

ఆమె దిగమన్నా అతను దిగలేదు. నలభై నిమిషాలు నడిచాడు.

దసరా గిరాకీలో భిక్షపతి పొద్దంతా కాళ్ళ మీదనే ఉన్నాడు. దుకాణం ఖాళీ అయినా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు.

"చాలు గాని, జర కూసో," అన్నాడు సేటు.

"కూసుంటె అందుకుంటడు సేట్."