ముందు నీకే చదువుతాను

కాలనీ ఆన్‌లైన్ గ్రూపులో ఫిర్యాదుల పిన్నిగారని పేరుపడ్డావిడ ఓ రిటైరైన టైపిస్టు. చాటుగా గోతులు తవ్వే రకం కాదావిడ. ఏ దుకాణం మీద ఫిర్యాదు రాసినా, గ్రూపులో పెట్టేముందు ఆ యజమానికే చదివి వినిపిస్తుంది.

ఆ రోజు ఫ్యాన్ల మెకానిక్ ఎదుట నిలబడి ఫోను చూసి చదివింది. "మా ఫ్యాను మూడుసార్లు బాగుచేశాడు. మూడుసార్లూ పొగే వచ్చింది."

అతను ముఖం మాడ్చుకున్నాడు. "అందరిలో నా పరువు తీస్తారా పిన్నిగారూ?"

"ఇంకా పెట్టలేదుగా. ఇందులో అబద్ధముంటే చెప్పు, తీసేస్తాను."

అతను ఒక్క ముక్క కూడా తీయించలేకపోయాడు. గొణుక్కుంటూనే మోటారు విప్పి కొత్త తీగ చుట్టాడు. ఫిర్యాదుతో పాటు ఆ సంగతీ ఆవిడ గ్రూపులో పెట్టింది.

వారం తిరక్కుండా అతనే ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఒక చేతిలో అడుగు ఊడిన కొత్త చెప్పు, ఇంకో చేతిలో కాగితం.

"చెప్పులషాపు మీద రాసుకొచ్చాను పిన్నిగారూ. అబద్ధముంటే తీసేయండి. వెళ్లి ఆ షాపాయనకు చదివి వస్తాను."