ఆగని రంపం, జారే లుంగీ

మొన్న ఆదివారం నుంచి నేను ఇంట్లో లుంగీ కట్టడం మానేశాను. ప్యాంటే! అదీ బెల్టుతో! ఎందుకో చెప్తాను గానీ మధ్యలో నవ్వకండి.

మా కాలనీ మీకు తెలుసుగా. షామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్ వైపు వస్తే కొత్తగా వేసిన లేఔట్. శనివారం గాలివానకి మా పెరట్లో నీలగిరి కొమ్మ విరిగింది. విరిగి కింద పడిందా అంటే పడలేదు. సరిగ్గా స్కూటరు పెట్టే రేకుల షెడ్డు మీద వేలాడుతోంది. పొద్దున్నే మా ఆవిడ సుశీల చూసింది.

"ఏవండీ, ముందు ఆ స్కూటరు తీసి గేటు దగ్గర పెట్టండి. కొమ్మ సంగతి రేపు ఎవరినైనా పిలిచి చూద్దాం" అంది.

ఆదివారం పూట మగాడికి అంత తేలిక పని చెప్తే ఎలాగండీ? "ఎవర్నో పిలవడం దేనికి, నేను కోస్తాగా" అన్నాను.

గోడ అవతల సత్తిరెడ్డి గారు ఉంటారు. ఈ లేఔట్ భూమి ఒకప్పుడు వాళ్ళదే. మిగిలిన తోటలో చెట్లు కొట్టడానికి ఆయన దగ్గర పెట్రోలు రంపం ఉంది. అడగ్గానే గోడ మీంచి అందించారు.

"తీస్కపో సార్. గని జర బేకారుగ నడుస్తాంది. తాడు గుంజితె షురూ అయితది, కట్టెకు పెట్టంగనె దగ్గి బందయితది. ముందట గార్డు ఉంటుండె, గది ఎన్నడో ఇరిగింది. పైలం!"

"టూ స్ట్రోక్ ఇంజనేగా? మా స్కూటరుదీ అదే. నేను చూస్తాలెండి" అన్నాను.

ఇక్కడ మా స్కూటరు గురించి కొంచెం చెప్పాలి. ఆ మధ్య అదీ ఇలాగే దగ్గేది. నేనే కూర్చుని కనిపెట్టాను. ఆఫ్ స్విచ్ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. తగిలినప్పుడల్లా ఇంజను ఆగిపోతోంది. మెకానిక్ దాకా ఎందుకని ఆ వైరు పీకేశాను. అప్పటి నుంచి బండి బ్రహ్మాండం! కాకపోతే స్విచ్ నొక్కితే ఆగదు. గేర్లో ఉంచి, బ్రేకు తొక్కి, క్లచ్ వదిలేస్తే ఠక్కున ఆగుతుంది. నాకు అలవాటైపోయింది.

ఒక్కసారి మాత్రం దానంతటదే ఆగింది, గండిమైసమ్మ చౌరస్తాలో. సుశీల నా కాళ్ళ దగ్గర కూరగాయల సంచి ఇరికించింది. దాని చెవి చోక్‌కి తగులుకుని చోక్ కాస్తా బయటికొచ్చేసింది. నడిరోడ్డు మీద మేము, వెనకాల లారీ హారను! ఇంటికొచ్చేదాకా క్లాసు పీకాను. "వేడి మీదున్న ఇంజనుకి చోక్ లాగితే ఆగిపోతుంది, ఆ మాత్రం తెలీదా?" అని. పాపం, ఆవిడ ప్రతి ముక్కా శ్రద్ధగా వింది.

సరే, రంపం ముందేసుకుని కూర్చున్నాను. లుంగీ, బనీను, హవాయి చెప్పులు. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాను. కార్బొరేటర్లో ఊదాను. ఫిల్టరు దులిపితే గిన్నెడు రంపప్పొట్టు రాలింది. తాడు లాగాను. బుర్రుమంది, దగ్గింది, చచ్చింది. స్కూటరు స్టార్ట్ కాకపోతే పక్కకి వంచుతాం కదా, దీన్నీ ఎడమ పక్కకి వంచి కాసేపు పట్టుకున్నాను. గోడ మీంచి సత్తిరెడ్డి గారు అడగనే అడిగారు.

"గట్ల వంచుడు ఎందుకు సార్?"

"అదంతే లెండి" అన్నాను. ఎందుకో నాకూ తెలీదు.

ఆగిపోకుండా ఉండాలని, ఇంజను వేగం పెంచే ట్యూనింగ్ స్క్రూ కొంచెం బిగించాను. మళ్ళీ చచ్చింది. ఇంకొంచెం బిగించాను. స్కూటర్లోంచి ఆయిల్ కలిపిన పెట్రోలు పట్టి ట్యాంకు అంచుల దాకా నింపాను. అప్పుడు కనపడింది! ఆఫ్ వైరు! తొడుగు పోయి ఇనుముకి తగులుతోంది. అచ్చం మా స్కూటరు జబ్బే! మీరు నమ్మరు, ఆనందంతో నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. కటింగ్ ప్లేయరు తీసుకుని వైరు పీకేశాను.

ఒక్క లాగుడు. అంతే! కాలనీ అదిరిపోయింది.

"ఎట్లుంది?" అన్నట్టు సత్తిరెడ్డి గారి వైపు చూసి రేస్ వదిలేశాను. రంపం పళ్ళ గొలుసు ఆగలేదు. స్క్రూ అంత బిగించాక ఎందుకు ఆగుతుంది? స్విచ్ నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది, దాని వైరు నా కాళ్ళ దగ్గర పడుందని. ఎడమ చెయ్యి దానంతటదే క్లచ్ కోసం వెతికింది. క్లచ్ లేదు. గేరు లేదు. తొక్కడానికి బ్రేకూ లేదు.

అప్పుడు పట్టుకుంది భయం. మామూలు భయం కాదండీ. కింద పెడదామంటే వాన నేల, రాళ్ళు. గొలుసు దేనికి తగిలి ఎటు ఎగురుతుందో! పట్టుకుందామంటే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ట్యాంకు నిండుగా ఉంది, నేనే నింపాను. నా పాదాల వైపు చూసుకున్నాను. అవి మళ్ళీ కనపడతాయో లేదో అనిపించింది.

ఏం చెయ్యాలో అడుగుదామని సత్తిరెడ్డి గారి వైపు తిరిగాను. నాతో పాటు రంపమూ తిరిగింది. ఆయన "అమ్మో!" అన్నట్టు నోరు తెరిచి గోడ దిగిపోయారు. ఇంటి వైపు తిరిగాను. సుశీల ధడేల్మని తలుపేసింది. చుట్టూ మేడల మీద జనం. అందరూ ఏదో అరుస్తున్నారు, ఒక్క ముక్క వినపడదు. నేనూ అరిచాను, నాకే వినపడలేదు.

ఇంతలో నడుము దగ్గర చల్లగా తగిలింది. ఆ అదురుడికి లుంగీ ముడి వదులవుతోంది! కిందికి జారి గొలుసులో చిక్కుకుందా, లుంగీతో పాటు నేనూ వెళ్ళిపోతాను. పొట్ట ఉబ్బించాను. మోకాళ్ళు దగ్గరికి నొక్కాను. తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను.

అప్పుడు చూశాను, సుశీల ముందు తలుపులోంచి ఇల్లు చుట్టి పరిగెత్తుకొస్తోంది. నా దగ్గరికి కాదు, స్కూటరు దగ్గరికి. సరిగ్గా ఆ విరిగిన కొమ్మ కిందకి! వంగి, స్కూటరు చోక్ పట్టుకుని లాగింది, నొక్కింది, మళ్ళీ లాగింది. నా మొహంలోకి చూస్తూ మళ్ళీ లాగింది.

చోక్! దీనికీ చోక్ ఉందిగా!

కానీ దానికి కుడిచెయ్యి వదలాలి. వదిలితే ఖాళీగా ఉండేది ఆ ఒక్క చెయ్యే. దాంతో చోక్ లాగాలా, లుంగీ పట్టుకోవాలా? లుంగీ ఆఖరి మడతలో ఉంది. రంపాన్ని ఎడమచేత్తో వీలైనంత దూరంగా చాపి, ఊపిరి బిగబట్టి చోక్ లాగాను.

ఇంజను రెండుసార్లు గొణిగి ఆగిపోయింది. గొలుసు ఆగింది. లుంగీ ఆగలేదు.

ఎంత నిశ్శబ్దం! కింద చారల నిక్కరు ఉంది కాబట్టి సరిపోయింది. ఆవిడ వచ్చి బురదలోంచి లుంగీ తీసి, దులిపి చేతికిచ్చింది. "వేడి మీదున్న ఇంజనుకి చోక్ లాగితే ఆగిపోతుంది, ఆ మాత్రం తెలీదా?" అంది నెమ్మదిగా. నేను లుంగీ చుట్టుకుని ముడి గట్టిగా బిగించాను.

ఆ వైరు ఎక్కడ పీకానో అక్కడే మళ్ళీ తగిలించాను, స్క్రూ వెనక్కి తిప్పేశాను. రంపం మళ్ళీ మునుపటిలా దగ్గడం మొదలెట్టింది. ఆ దగ్గు విన్నాకే నా ప్రాణం కుదుటపడింది. అలాగే గోడ మీంచి అప్పగించేసి, ప్యాంటు వేసుకొచ్చి, పొద్దున సుశీల చెప్పిన పని చేశాను. స్కూటర్ని షెడ్డులోంచి తీసి, గేటు దాకా తోసుకుంటూ వెళ్ళాను.

సత్తిరెడ్డి గారు గోడ మీద సగం తలే పెట్టి చూస్తున్నారు.

"ఏంది సార్, తోస్తున్నవ్? స్టార్ట్ అయితలేదా?"

"అవుతుందండీ. అదే నా భయం" అన్నాను.