కరుణ రాసిన థ్రెడ్

ఆస్పత్రిలో మార్చురీకి ఆనుకుని ఉన్న వార్డులో ఏళ్ళ తరబడి ఆయాగా చేశాను. దయ్యాలనేవి ఉంటే ముందు నాకే కనిపించాలి. ఒక్కటీ కనిపించలేదు. పోయినవాళ్ళ పక్కన కూర్చుని టీ తాగిన రోజులున్నాయి. కాబట్టి బెదిరిపోయి ఇది రాస్తున్నాననుకోకండి.

నేను చెప్పేది ఘాజియాబాద్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ గదిలో, పట్టపగలు, ట్యూబులైట్ల కింద జరిగింది. రెండువేల సంవత్సరం దాటాక, ఆ లావుపాటి కంప్యూటర్లు ఇంకా ఉన్న రోజుల్లో.

నేనూ మా అమ్మాయి సునీతా ఢిల్లీ మయూర్ విహార్‌లో అద్దెకుండేవాళ్ళం. సునీత ఎం.సి.ఏ. చదివేది. తెనాలి నుంచి వచ్చి దాని క్లాసులో చేరిన కరుణ, హాస్టల్ తిండి పడక మా దగ్గరే ఉండిపోయింది. సునీత ఢిల్లీలో పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో చెబుతుంది, చదవడం రాదు. చదవడం నాకూ రాదు. చర్చిలో పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. అది కనిపెట్టింది కరుణే.

"ఆంటీ, మీరు పాడిన పాట ఆ పేజీలో లేదు," అంది ఇంటికొచ్చాక, నవ్వాపుకుంటూ.

అప్పటికి నాకు నలభై దాటాయి. వంటగట్టు మీద సుద్దముక్కతో అక్షరాలు నేర్పింది. దాని పద్ధతి వేరు. ఒక మాట రాసి, నేను పూర్తిగా చూడకముందే అరచేత్తో తుడిచేసి, "ఇప్పుడు చదవండి" అనేది.

"ఏముందని చదవను?"

"ఉందాంటీ. సరిగ్గా చూడండి."

నల్లరాయి మీద సన్నగా తెల్లటి మరక మిగిలేది. దాన్ని పట్టుకుని చదివేదాన్ని. అలా తుడిచేసిన రాతలోంచి నేను మొట్టమొదట చదివిన మాట దాని పేరే.

వాళ్ళిద్దరి ప్రాజెక్టు నా గొణుగుడులోంచి పుట్టింది. ఖాళీ మంచం కోసం పేషెంట్లను వార్డు వార్డుకీ తిప్పుతారని నేను రోజూ తిట్టుకునేదాన్ని. దానికి సి భాషలో ప్రోగ్రాం రాశారు. సునీత నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పింది. మెయిన్ అనేది ముందు టేబుల్ దగ్గర కూర్చునే మనిషి. అది ముగ్గురిని మూడు వార్డులకు పంపుతుంది. ఆ వెళ్ళేవాళ్ళను థ్రెడ్‌లంటారు. వాళ్ళు ఖాళీ మంచాలు లెక్కపెట్టుకుని రావాలి. వాళ్ళు వచ్చేదాకా మెయిన్ కదలదు, కాచుకుని ఉంటుంది. వచ్చినవాళ్ళు లెక్క చెప్పరు, ఆ లెక్క ఎక్కడ పెట్టారో ఆ చోటు చెబుతారు. దాన్నే పాయింటర్ అంటారు. మెయిన్ వెళ్ళి అక్కడ చూసుకోవాలి.

రెండు వార్డులు సునీత రాసింది. లెక్కలు పెట్టడానికి బయట వేరే చోటు అడిగి తీసుకుంది. పనికెళ్ళినవాళ్ళు పోయినా ఆ చోటు ఉంటుంది. పిల్లల వార్డు కరుణ రాసింది. కరుణ చేసిన తప్పేమిటంటే, లెక్కను ఆ థ్రెడ్ సొంత గదిలోనే పెట్టింది. పని అయిపోగానే ఆ గది ఖాళీ చేయించేస్తారు. తర్వాత మెయిన్ వెళ్ళి చూస్తే ఏదో పిచ్చి అంకె ఉంటుంది. దాన్ని గార్బేజ్ అంటారు. చెత్త.

నడిపినప్పుడల్లా పిల్లల వార్డుకు చెత్తే వచ్చేది. ప్రాజెక్టు సారు కాగితం మీద ఆ తప్పు లైను కింద ఎర్రగీత కొట్టి, సరిచేసుకు రమ్మన్నాడు. ఆ లోపలే కరుణకు డెంగ్యూ వచ్చింది. మా ఆస్పత్రిలోనే పోయింది. చివరిసారి ముఖం తుడిచింది నేనే.

తర్వాత సారు సునీతను పిలిచి, ఆ ముక్క నువ్వే రాసెయ్, ప్రాజెక్టు రిపోర్టు అట్ట మీద నీ ఒక్కదాని పేరే వెయ్యి అన్నాడు. చెడ్డవాడు కాదు. పని చెయ్యని ముక్కకు పేరెలా వెయ్యనిస్తానన్నాడు. పని చేస్తే ఉంచుతానన్నాడు.

సునీత ఆ లైను ముట్టుకోలేదు. గుట్టుగా సరిచేసి కరుణదే అని చెప్పెయ్యమని నేనే అన్నాను.

"మైఁ ఠీక్ కరూంగీ తో వో మేరా హో జాయేగా, మమ్మీ." తను దిద్దితే అది తన పని అయిపోతుందట. ఇక కరుణదంటూ ఏమీ మిగలదట.

"ఫెయిల్ చేస్తేనో?"

"కర్‌నే దో." చేస్తే చెయ్యనీ అంది.

పరీక్ష రోజు నేను సెలవు పెట్టి కాలేజీకి వెళ్ళాను. కరుణ తల్లిదండ్రులు అంత దూరం రాలేరు. దాని తరఫున ఎవరో ఒకరు ఉండాలి కదా. అట్ట మీద రెండు పేర్లూ చూసి సారు ఇబ్బందిగా నా వైపు తిరిగాడు.

"ఆంటీజీ, ఉస్‌కా పార్ట్ చల్‌తా హీ నహీఁ." కరుణ ముక్క అసలు నడవదట.

"చలాకే దిఖాయియే," అన్నాను. నడిపి చూపించాలి, చూడకుండా పేరు కొట్టెయ్యడం కుదరదన్నాను.

సారు నడిపించాడు. మొదటి వార్డు అంకె పడింది. రెండోదీ పడింది. మూడోది రాలేదు. తెర మీద చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఆగిపోయింది.  అన్నిటికంటే చిన్న వార్డు అదే, అంత ఆలస్యం కావడానికి అందులో ఏమీ లేదని సునీత తర్వాత చెప్పింది. నాకైతే మా మెట్లు గుర్తొచ్చాయి. ఎక్కడికి బయల్దేరినా మేమిద్దరం కింద నిలబడి ఉండేవాళ్ళం. పైనుంచి కరుణ, చెప్పు పట్టీ పెట్టుకుంటూ, "వస్తున్నా, వస్తున్నా" అనేది.

అప్పుడు అంకె పడింది. ఏడు. సారు ఇచ్చిన లెక్క ప్రకారం పిల్లల వార్డులో ఖాళీలు ఏడే.

"లక్ హై," అని నవ్వాడు సారు. మళ్ళీ నడిపాడు. మళ్ళీ అలాగే ఆగింది, మళ్ళీ ఏడు. ఏ మంచం నిండిందో ఏది ఖాళీయో మాకు చూపించకుండా తనే మార్చాడు. ఈసారి పదకొండు వచ్చింది. సారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. సరిపోయింది. ప్రోగ్రాంను పక్క కంప్యూటర్‌లో పెట్టించాడు. అక్కడా సరైనదే. కోడ్ తెరిచి చూశాడు. ఎర్రగీత కొట్టిన లైను ఒక్క అక్షరం మారకుండా అలాగే ఉంది.

ఇక నవ్వలేదు.  తర్వాత పెన్ను తీసి, రెండు పేర్ల కిందా సంతకం పెట్టాడు.

మర్నాడు అదే కంప్యూటర్‌లో సునీత నడిపితే చెత్త అంకె వచ్చింది. ఆగకుండా, వెంటనే. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా, ఎక్కడ నడిపినా చెత్తే.

సునీత ఇప్పుడు నోయిడాలో ప్రోగ్రాంలు రాసే పనే చేస్తోంది. గది ఖాళీ చేశాక కొత్తవాళ్ళు దిగేలోపు పాత సామాను అక్కడే పడి ఉండొచ్చు, అందుకని ఒక్కోసారి సరైన అంకే దొరుకుతుందని అంటుంది. సరే, ఒక్కోసారి అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పూట అడిగిన ప్రతిసారీ ఎందుకు దొరికింది? ఆ పూట తప్ప మళ్ళీ ఎందుకు దొరకలేదు? ఆ ఆగడమేమిటి?  

చర్చిలో ఒక పెద్దాయన ఇది సైతాను పనన్నాడు. ఖాళీ మంచాలు సరిగ్గా లెక్కపెట్టే సైతాను ఉంటే మా ఆస్పత్రికి పంపించండయ్యా అన్నాను. 

దయ్యమంటే నేను ఒప్పుకోను. చెత్త అన్నా ఒప్పుకోను. సరిగ్గా వచ్చినదాన్ని చెత్త అని ఎలా అంటారు? మరి ఏమిటది అని అడిగితే చెప్పలేను. ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడను కూడా.

ఇలాంటి తప్పు ఆఫీసులో ఎవరైనా రాస్తే సునీత ఊరుకోదు. ఫోన్‌లో చీవాట్లు పెట్టడం నేనే విన్నాను. ఆ పాత ప్రోగ్రాంను మాత్రం కంప్యూటర్ మార్చినప్పుడల్లా వెంట తెచ్చుకుంటుంది. ఆ లైను దిద్దావా అని మొన్న అడిగాను.

తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "రహ్‌నే దో, మమ్మీ," అంది. అలాగే ఉండనీ అని.