పసుపు చూసే కళ్ళతో ఫుట్‌బాల్ చూశాను

నిజామాబాద్ ఫైనల్లో మా ఆర్మూర్ కాలేజీ జట్టు ఏడు గోల్స్ తిని వచ్చిన సంగతి మా వయసు వాళ్ళందరికీ గుర్తే. ఆటలు నేర్పే పీడీ సారు ముఖం చూసి మనుషులను ఎంచారని, అందుకే ఓడిపోయామని టీ కొట్ల దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను టీ ఊదుకుంటూ కూర్చునేవాణ్ణి, చల్లారిన టీ అయినా సరే. ఇరవై ఏళ్ళుగా మింగిన మాట ఇవాళ కక్కుతున్నాను. జట్టును ముంచింది సారు కాదు, నేను. మైదానంలో కాలు పెట్టకుండానే ముంచాను.

అప్పటికి నేను చదువు ముగించి మేనమామ దుకాణంలో పసుపు కొనడం నేర్చుకుంటున్నాను. మామ చెప్పిన మొదటి పాఠం: మనసు పడ్డ కుప్పను తిట్టాలి. విరిచిన కొమ్ము లోపల రంగు కళ్ళు చెదరగొడుతున్నా మొహం ముడుచుకుని ‘తడి ఉంది, పుచ్చు ఉంది’ అనాలి. అక్కర్లేని కుప్పనైతే రైతు మనసు నొవ్వకుండా ‘బంగారం లెక్కుంది కాకా, ఎవలైన కండ్లకద్దుకొని తీస్కపోతరు’ అని దాటిపోవాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా మార్కెట్లో నోరు చెడ్డదైతేనే సరుకు మంచిది. ఇది రైతుకూ తెలుసు. తిట్టకపోతేనే అతనికి గుబులు.

తెలియనిదల్లా పీడీ సారుకే. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, పసుపును కూరలో తప్ప చూసి ఎరుగరు. ఆట తెలిసిన వాళ్ళెవరని వాకబు చేస్తే ఎవరో నా పేరు చెప్పారట. నేను రెండేళ్ళు జట్టులో ఉన్న మాట నిజమే. బెంచీ మీద.

“శేఖర్ గారూ, వారం రోజులు ప్రాక్టీసు చూసి ఒక్కొక్కరి బలం, బలహీనత రాసివ్వండి. దాన్ని బట్టే పదకొండు మందిని దింపుతాను” అన్నారు సారు.

జట్టులో వేల్పూర్ గంగాధర్ అని ఒకడుండేవాడు. తల్లి వెంట కోడిపిల్ల పడ్డట్టు బంతి అతని ఎడమకాలి వెంట పడేది. నేను కాగితం పట్టుకుని తిరుగుతుంటే దగ్గరికి వచ్చాడు.

“శేఖరన్నా, మా బాపు ఫైనల్ చూస్తానికి వస్తనన్నడు. నచ్చితే ఆడుకొమ్మంటడు, లేకుంటె బంతి మూలకేసి చేనుకు రమ్మంటడు. జర మంచిగ రాయే.”

“ఫికర్ చెయ్యకు. నీ మీద ఎట్ల రాస్తనో చూడు” అన్నాను.

రాశాను. ఎంత మనసు పడ్డానో అంత కసిగా రాశాను. పైగా కాగితం ఎదుటి జట్టు, నిజామాబాద్ వాళ్ళ చేతిలో పడితే మన మంచి సరుకు బయటపడుతుందన్న తెలివి ఒకటి. ‘గంగాధర్: ఎడమకాలు తప్ప ఏమీ లేదు. పైకి మెరుపు, లోపల పుచ్చు. నిలవ ఉండదు.’ ఇక గోల్ కీపర్ రాజు, పెళ్ళిలో పెద్దమనిషి ఎదురైనట్టు బంతికి పక్కకు జరిగి దారిచ్చేవాడు. పాపం నొచ్చుకుంటాడని అతనికి ‘నిండైన మనిషి, ఎవరు తీసుకున్నా నష్టపోరు’ అని రాశాను.

ఫైనల్ రోజు గంగాధర్ తండ్రి లింగన్న కాక, పసుపు ఉడకబెట్టే పని ఆపుకుని, పచ్చటి చేతులతోనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మావోడు ఏడి?”

“గా చివరకు కూసున్నడు కాకా.”

“కూసునుడు గూడ ఆటనేనా?”

“కాలు నొప్పట” అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది.

“పొద్దుగాల కదిలే బస్సును ఉరికి ఎక్కిండు గదా.”

సగం ఆటకు నాలుగు గోల్స్ పడ్డాయి. నాలుగింటికీ రాజు మర్యాదగా దారిచ్చాడు. నేను సారు దగ్గరికి పరుగెత్తాను.

“సార్, గంగాధర్‌ను దించండి. నేను రాసింది మెచ్చుకోలు.”

సారు జేబులోంచి కాగితం తీశారు. “లోపల పుచ్చు అన్నది మెచ్చుకోలా?”

“మా దగ్గర అంతే సార్.”

“మరి రాజును నిండైన మనిషి అన్నారు?”

“అది తిట్టు సార్.”

సారు కాగితం మీద గంగాధర్ పేరును వేలితో పొడిచారు. “ఇప్పుడు గంగాధర్‌ను మెచ్చుకుంటున్నారు. మీ లెక్కన అతను పనికిరాడనేగా?”

మామ అక్కడిదాకా నేర్పలేదు.

ఏడో గోల్ పడ్డాక లింగన్న కాక తువ్వాల దులిపి లేచి, కొడుకు దగ్గరికి వెళ్ళాడు. “పోదాం పా. కడాయి కింద మంట ఆరుతది.” గంగాధర్ మళ్ళీ బంతి ముట్టలేదు.

ఆ తర్వాత ఏటేటా వాళ్ళ పసుపును తిడుతూ కొంటూనే ఉన్నాను. మొన్న లింగన్న కాకతో కలిసి ట్రాక్టర్ దిగుతూ గంగాధర్ అన్నాడు: “అన్నా, మా బిడ్డ స్కూల్ టీంల ఆడుతంది. జర వచ్చి ఆట చూసి చెప్పు. నీకెరుకే గదా.”

బస్తా మీద కూర్చుని, తండ్రీకొడుకులిద్దరికీ మొత్తం చెప్పాను. “ఆ జట్టుల నీ అంత ఆటగాడు లేకుండెరా” అని ముగించాను.

“సారు బదిలీ మీద పోతుంటె నమస్తే గూడ పెట్టకపోతి గదనే” అన్నాడు గంగాధర్ మెల్లగా. తర్వాత తండ్రి వైపు తిరిగాడు. “బాపూ, శేఖరన్న మెచ్చుకుంటుండు. బండి తిప్పు, ఇంకో దుకాణం చూద్దాం.”

“ఆగు” అన్నాడు లింగన్న కాక. “కాయిదం మీదనే గద చెడగొట్టిండు. కాయిదం మీదనే రాసియ్యమను.”

బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చించి రాశాను, బయటికి చదివాను. “గంగాధర్. బలం: రెండు కాళ్ళూ. లోపం: ఆటగాడిలో లేదు, రాసినవాడిలో ఉంది. తమ్ముడూ, క్షమించు. కాకా, కాలు నొప్పి అన్నది అబద్ధం, మీరూ క్షమించండి. ఇకమీదట కాళ్ళున్న దేని నాణ్యతా చూడనని, మనిషైనా, మేకైనా, కుర్చీ అయినా సరే, పసుపు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను.” సంతకం పెట్టాను.

లింగన్న కాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మరి పసుపు ఎట్లుంది సేటూ?”

కొమ్ము విరిచాను. లోపల నిప్పులాంటి రంగు.

“ఏముంది కాకా, అంత తడి. ఉడుకు సక్కగ లేదు.”

“ఆఁ” అని కొడుకు వైపు చూసి నవ్వాడు కాక. “మాఫ్ చేసినట్టే. బస్తాలు దించు.”