కొట్టని కొబ్బరికాయ

మా పక్కింటి కోడలు తనకు మూడో నెల అని ఆఫీసులో చెప్పగానే అక్కడివాళ్లంతా చప్పట్లు కొట్టి కేకు కోశారట. ఆ పిల్ల ఫోనులో ఫొటో చూపిస్తే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. వాళ్ల పెద్ద మేనేజరు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. మేము నౌకరీలు చేసిన కాలంలో, అంటే డెబ్బైల మొదట్లో, గోదావరిఖనిలో నేను పనిచేసిన గని ఆఫీసులో అయితే ఈ కబురు విని నవ్వే మొహం ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో కడుపు రావడం ఒక ఎత్తు, వచ్చిందని ఆఫీసులో చెప్పడం ఒక ఎత్తు. మొదటిదానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు (మా ఆయనే అందుకు సాక్ష్యం). రెండోదానికి మాత్రం నేను నాకున్న తెలివంతా నెలల తరబడి ఖర్చు పెట్టాను. అది ఎంత గొప్ప తెలివో కాసేపట్లో మీరే చూస్తారు.

నేను బెల్లంపల్లి పిల్లను. మా బాపు గనిలో పనిచేస్తూ నన్ను పదో తరగతి దాకా చదివించాడు. పెళ్లయి గోదావరిఖని వచ్చాక గని ఆఫీసులో టెలిఫోను ఆపరేటరుగా పెట్టుకున్నారు, అదీ టెంపరరీగా. నా ముందు ఒక చెక్క బోర్డు, దానికి బొరియలు, ఫోను వస్తే వెలిగే చిన్న దీపాలు, నా చేతిలో తీగలు. గని అడుగున కూలీల పని చూసే ఓవర్‌మన్ పైన దీపాలిచ్చే ల్యాంపు రూముతో మాట్లాడాలన్నా, మేనేజరు సాబు తన బంగ్లాలో వంటవాడితో మాట్లాడాలన్నా నేను తీగ గుచ్చాల్సిందే. అవతలివాళ్లు పలికి మాటలు మొదలయ్యేదాకా నేను చెవి పెట్టి వినాలి, అది డ్యూటీ. మొదలయ్యాక వినకూడదు, అది రూలు. ఆ రూలును పాటించిన ఆపరేటరు భూమ్మీద ఎక్కడన్నా ఉంటే ఒకసారి చూడాలని ఉంది.

దసరా దాటాక నాకు పర్మనెంటు ఆర్డరు రావాలి. ఆ కాగితం ఏరియా ఆఫీసు నుంచి రావాలి కానీ, రానిచ్చేదీ ఆపేదీ మా పెద్ద క్లర్కు. ఆయన్ను అందరం ముక్కుపొడి సారు అనేవాళ్లం. ఆయన ముక్కులో పొడి వేసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టడు, పెట్టాక ఆ కాగితం మీద తుమ్మకుండా వదలడు. నాకన్నా ముందు ఆ బోర్డు దగ్గర కూర్చున్న అమ్మాయి సొరుగులో ఒకరోజు పచ్చి మామిడికాయ ముక్క కనబడిందట. ఈ మహానుభావుడు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి చూసి, "ఏందమ్మా, ఇంట్ల విశేషమా?" అని ప్రేమగా అడిగాడట. ఆ పిచ్చిది సిగ్గుపడి తలూపిందట. ఆ వారమే, "కాన్పు అయినంక చూద్దాం తియ్యి" అని ఇంటికి పంపించారు. కాన్పయింది, పిల్ల నడక కూడా నేర్చింది, ఇంకా ఎవ్వరూ చూడలేదు. ప్రసూతి సెలవు లేకేం, ఉంది. కానీ అది పర్మనెంటు వాళ్లకేనని ముక్కుపొడి సారు తీర్మానం. పర్మనెంటు కాకముందే కడుపొస్తే నౌకరీ పోతుంది, అయ్యాక వస్తే సెలవు వస్తుంది. పుట్టబోయే బిడ్డకు ఈ సంగతి తెలియదు కాబట్టి నా కడుపులో పిల్ల దసరాకు ముందే వచ్చి కూర్చుంది.

ఎప్పుడు చెప్పాలి అన్నదానికి మా ఇంట్లో పెద్ద సభ జరిగింది. మా ఆయన హాలరు నడిపేవాడు (బొగ్గు డబ్బాలను ఇనుప మోకుతో పైకి లాగే యంత్రం అది, దాన్ని నడిపేవాడంటే గనిలో గౌరవం, ఇంట్లో ఏమీ కాదు). ఆయన గట్టిగా ఆలోచించి, "ఆర్డరు చేతికొచ్చినంక చెప్పు" అన్నాడు. కడుపు అప్పటిదాకా ఆగుతుందా అంటే, "ఆగకపోతే ముందే చెప్పు" అన్నాడు. అంత తెలివైన సలహా మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. మా అత్తమ్మ, "అయిదో నెల నిండేదాంక ఎవ్వలికి చెప్పద్దు బిడ్డా, దిష్టి తాకుతది" అంది. మా క్వార్టర్ల లైనులోనే ఉండే దవాఖాన నర్సు సిస్టరక్క మాత్రం, "ఎందుకు దాస్తున్నవ్, దొంగతనం చేసినవా? పోయి చక్కగా ఏరియా ఆఫీసు పెద్దసారుకే చెప్పు. గీ ముక్కుపొడాయనకు ఎందుకు భయపడ్తవ్?" అంది. ఆ ఇంట్లో బుద్ధి ఉన్న మాట ఆమె ఒక్కతే మాట్లాడింది. అందుకే దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు.

నేను మంచి సమయం కోసం చూడడం మొదలుపెట్టాను. సోమవారం ముక్కుపొడి సారు కోపంగా ఉంటాడు. మంగళవారం మంచిది కాదు. జీతాల రోజు ఎవరి మాటా వినడు. అమావాస్య ముందు మా అత్తమ్మ వద్దంటుంది. గనిలో ఏదన్నా పని ఆగితే ఆయన మొహం చూడలేం, ఆగకపోతే ఆయన దొరకడు. పెళ్లికైనా ముహూర్తం ఇంత కష్టంగా దొరకలేదు. ఈలోగా పొట్ట తన పని తాను చేసుకుపోతోంది. దాన్ని దాచడానికి నేను కనిపెట్టిన ఉపాయం మా ఆయన ఉన్ని స్వెట్టరు. రామగుండం ఉక్క ఎలాంటిదో తెలిసినవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా మీద జాలిపడండి. ఎండ పెళపెళలాడుతుంటే, ఫ్యాను తిరిగే గదిలో అందరూ విసనకర్రలు కూడా ఊపుతుంటే, నేను మెడ దాకా స్వెట్టరు వేసుకుని "చలిజ్వరం సార్, తగ్గుతలేదు" అంటూ కూర్చునేదాన్ని. అన్ని వారాలు చలిజ్వరం ఉన్న మనిషి బతికి ఉండదని ఆ ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. పైగా ముక్కుపొడి వాసన తగిలితే నాకు కడుపులో దేవేది. ఆయన డబ్బీ మూత తీసిన చప్పుడు వినగానే తీగలు చూస్తున్నట్టు బల్ల కిందికి దూరేదాన్ని. "ఏంది, మళ్ల లైను ఖరాబయిందా?" అని ఆయన అడిగేవాడు. రెండుసార్లు మెకానిక్కును కూడా పిలిపించాడు. ఆ మెకానిక్కు బల్ల కిందికి తొంగిచూసి, అక్కడ రాలిన చింతగింజలు చూసి, నా మొహం చూసి, "ఎలకలున్నయ్ సార్" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన కడుపు చల్లగుండ.

అలా దసరా దగ్గరికొచ్చింది. నా ఆర్డరు టైపయిందని, ఏరియా ఆఫీసులో పెద్దసారు సంతకం ఒక్కటే మిగిలిందని తెలిసింది. సరిగ్గా అప్పుడే మా గనికి కొత్త హాలరు వచ్చింది. కొత్త యంత్రం కదిలే ముందు పూజ చేసి, దాన్ని నడిపేవాడి చేతనే కొబ్బరికాయ కొట్టించడం మా గనిలో ఆనవాయితీ. నడిపేవాడు మా ఆయన. కడుపుతో ఉన్నదాని మొగుడు కొబ్బరికాయ కొట్టకూడదని మీకు తెలుసు కదా. మా అత్తమ్మకు ఇంకా బాగా తెలుసు. ముందురోజు సాయంత్రం కొడుకును ఎదురుగా కూర్చోబెట్టి, "కొట్టకు కొడుకా, నా మీదొట్టు" అంది. ఆయన "సరే" అన్నాడు. నేను వంటింట్లోకి పిలిచి, "నువ్వు కొట్టకపోతే ఊరంతా ఎర్కైతది, నా నౌకరి పోతది. కండ్లు మూసుకొని కొట్టు" అన్నాను. నాకూ "సరే" అన్నాడు. ఇద్దరికీ సరే అన్నవాడు ఏం చేస్తాడో ఆ రాత్రి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా లైనులో ఆ సంగతి విని, ఆదివారం చర్చికి పోయే సిస్టరక్క ఒక్కతే నవ్వింది. "మేము కాయలు కొట్టేటోళ్లం కాదు గనుక బతికిపోయినం" అంది.

పూజకు మొదటి షిఫ్టు వాళ్లంతా చేరారు. నేను బోర్డు దగ్గరే ఉన్నాను. అక్కడ జరిగింది తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు కానీ అసలు సంగతి ఇది. అయ్యగారు మంత్రాలు చదివి కాయ మా ఆయన చేతికిచ్చాడు. మా ఆయన దాన్ని తల పైకెత్తాడు. ఎత్తినవాడు దించలేదు. అమ్మ ఒట్టు ఒకవైపు, పెళ్లాం నౌకరీ ఇంకోవైపు, మధ్యలో కాయ. చూసిచూసి అయ్యగారు "కొట్టు నాయనా" అన్నాడు. మా ఆయన మెల్లగా చెయ్యి దించి, కాయను మళ్లీ పళ్లెంలో పెట్టి, "నేను కొట్ట" అన్నాడు. ఎందుకు కొట్టవంటే, "చెయ్యి గుంజుతున్నది" అన్నాడు. ఇనుప మోకులు లాగే చెయ్యి అది. వెనకనుంచి ఒక ముసలి కాక, "ఎన్నో నెలరా?" అని అడిగాడు. షిఫ్టు షిఫ్టంతా గొల్లుమంది. మా మేనేజరు సాబు ఉత్తరాది మనిషి, బ్రహ్మచారి, ఆయనకు ఇదేమీ తెలియదు. కూలీలంతా నవ్వుతున్నారు, నడిపేవాడు యంత్రాన్ని ముట్టనంటున్నాడు, ఇది హర్తాళే అనుకుని ఆయన మొహం పాలిపోయింది. అప్పుడు ముక్కుపొడి సారు ముందుకొచ్చి, ఎంతో వినయంగా, హిందీలో, మొత్తం విడమరిచి చెప్పాడు. విన్నాక మేనేజరు సాబు తానే కాయ తీసుకుని కొట్టాడు. హాలరు కదిలింది.

ఇక్కడ నా బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. ల్యాంపు రూము నుంచి, "చెల్లె, నేను మామనైతున్ననట గదా, జర గని అడుక్కు కలుపు, మావోళ్లకు చెప్తా" అన్నారు. కలిపాను. హాలరు గది నుంచి దవాఖానకు అడిగారు, కలిపాను. నేను నెలల తరబడి స్వెట్టరులో ఉడికి దాచిన కబురు నా చేతుల మీదుగానే గని అడుగుదాకా దిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన ఆ క్షణంలో ఎదురుగా ఉంటే ఆ కాయ ఆయన తల మీదే కొట్టేదాన్ని.

అంతలో ముక్కుపొడి సారు వచ్చి పక్క గదిలో తన కుర్చీలో కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. డబ్బీ తీసి పొడి పీల్చి, ఫోనెత్తి, "ఏరియా ఆఫీసు పెద్దసారును కలుపు" అన్నాడు. నేను కలిపాను. అవతల పెద్దసారు పలికాడు. నా డ్యూటీ అయిపోయింది, చెవి తియ్యాలి. తియ్యలేదు. "సార్, మా టెంపరరీ ఆపరేటరు ఆర్డరు ఆపుండ్రి. ఆమెకు కడుపు. ఇయ్యాల్నే ఎర్కైంది. కాన్పు అయినంక చూద్దాం" అన్నాడు ఈయన. నా ముందున్న అమ్మాయిని తీసేసిన మాటే, అదే గొంతు. తన మాట అవతలికి చేరేది నేను పట్టుకున్న తీగలోంచే అని ఆయన బుర్రకు తట్టనే లేదు. ఆయన లెక్కలో ఆ బోర్డు దగ్గర మనిషి లేదు, తీగలే ఉన్నాయి.

ఆ క్షణంలో చెప్పడానికి నా దగ్గర ఎన్ని మాటలున్నాయో. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నవి, సిస్టరక్క చెప్పినవి, రూలు, న్యాయం అన్నీ. నోరు తెరిచాక వచ్చింది మాత్రం ఇది. "సార్, నేను ఆపరేటరును. ఆ కడుపుతోని ఉన్నదాన్ని నేనే. లైను కూడా నేనే కలిపిన. పొద్దుగాల నుంచి ఏం తినలే సార్, నాకు ఆకలైతున్నది."

పక్క గదిలో ముక్కుపొడి సారు తుమ్ము సగంలో ఆగిపోయింది. అవతలినుంచి పెద్దసారు అడిగాడు.

"ఎన్నో నెలమ్మా?"

"అయిదు నిండుతున్నయ్ సార్."

"పెద్ద క్లర్కూ, విన్నవా? అయిదు నెలల నుంచి ఈ పిల్ల కడుపుతోనే నీకు లైన్లు కలుపుతున్నది. ఒక్కనాడన్న పని ఆగిందా?"

ముక్కుపొడి సారు, "లేదు సార్, కానీ రూలు..." అన్నాడు.

"ఏ రూల్ల ఉన్నదో నాకు చూపియ్యి. చూపియ్యకుంట ఇంకెవ్వలినీ ఇంటికి పంపకు. సంతకం ఇయ్యాల్నే పెడ్త." తర్వాత నాతో, "నువ్వు పోయి తిను బిడ్డా. అంతదాంక ఆ ఫోన్లు మీ పెద్ద క్లర్కు ఎత్తుతడు" అన్నాడు.

నేను లేచాను. ముందు స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించాను. మేనేజరు సాబు కొట్టిన కాయలో ఒక చిప్ప అప్పటికే ప్రసాదంగా ఆఫీసుకు వచ్చి ఉంది. కిటికీ పక్కన కూర్చుని దాన్ని కొరికి కొరికి తిన్నాను. ముక్కుపొడి సారు నా బోర్డు ముందు కూర్చుని, ఏ తీగ ఎక్కడ గుచ్చాలో తెలియక, దవాఖానను అడిగినవాళ్లకు మేనేజరు బంగ్లాలో వంటవాణ్ని కలిపాడు. సిస్టరక్క చెప్పినట్టు మొదటి రోజే పెద్దసారుకు ఫోను చేసి ఉంటే ఆ ఎండల్లో ఆ స్వెట్టరు బాధ తప్పేది. ఫోను నా చేతిలోనే ఉంది, ఆఫీసులో అందరికన్నా ముందు నాకే లైను దొరుకుతుంది. అయినా ముహూర్తాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. నా ముందున్న అమ్మాయిని కూడా ఆ తర్వాత ల్యాంపు రూములో తీసుకున్నారు, అదొక్కటే ఆ కథలో నాకు నచ్చిన ముక్క.

పుట్టిన పిల్లకే ఇప్పుడు పిల్లలున్నారు. మా ఆయన రిటైరయ్యాక ఇంట్లో ప్రతి పూజకూ కాయ ఆయనే కొడతాడు. అయితే కాయ చేతికివ్వగానే ఒక్కసారి ఆగి, నా వైపు తిరిగి, కొట్టమంటావా అన్నట్టు చూస్తాడు. "డెబ్బై దాటినయ్ నాకు, ఇంకేం ఫికర్ లేదు, కొట్టు" అని కసురుతాను. కసురుతూనే, చెయ్యి దానంతటదే పోయి, కొంగును పొట్ట మీదికి లాక్కుంటాను.