సగంలో ఆగిన పిలుపు

కిందటి నెల కొరియర్లో నాకు సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి వచ్చింది. దాన్ని డాక్ అంటారు. కంప్యూటర్లో అంకెలుగా దాచిన పాటను మన పాత ఆంప్లిఫయరుకు అర్థమయ్యే కరెంటుగా మార్చి పంపడం దాని పని. వేలకు వేలు పోసి కొనేవాళ్ళు కూడా ఉన్నారట గానీ, నాలాంటి రిటైరైన సైన్సు మాస్టారికి చౌకరకం చాలుననుకున్నాను. ద్రాక్షారామంలో ఉంటున్న మా వదినగారికి ఫోన్లో ఆ మాట చెబితే, ఆవిడ డాక్టరు అనుకుని, ఒంట్లో ఏమైందో దాచకుండా చెప్పమని ఒకటే కంగారుపడ్డారు. అది మనిషి కాదు, పెట్టె అని నచ్చజెప్పేసరికి నా తాతలు దిగివచ్చారు.

అంతకుముందు లాప్‌టాప్‌కు హెడ్‌ఫోను పెట్టుకునే చోటునుంచి వైరు లాగి ఆంప్లిఫయరుకు తగిలించేవాణ్ణి. పాట వెనకాల ఎప్పుడూ గదిలో కందిరీగ తిరుగుతున్నట్టు రొద వినబడేది. ఈ పెట్టె మధ్యలో పెట్టగానే ఆ రొద పోయింది. సరదాపడి, ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందట క్యాసెట్టు మీద పట్టి, ఈమధ్యనే ఇక్కడ రాజమండ్రిలో ఒక స్టూడియోలో కంప్యూటర్లోకి ఎక్కించుకున్న మా అన్నయ్య వేణువు పెట్టాను. సగం దాకా బాగానే సాగింది. అప్పుడు వేణువు వెనకాల, ఎక్కడో దూరంగా, ఇన్నేళ్ళూ నా చెవిన పడని ఆడమనిషి గొంతు ఒకటి "ఏమం" అని, అంతలోనే ఆగిపోయింది. వేణువు మాత్రం ఆగలేదు. వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ అక్కడే పెట్టుకున్నాను.

ఎందుకో చెబితే నా వయసువాళ్ళు కూడా నన్ను తిడతారేమో. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. అలమర నిండా క్యాసెట్లున్న ఈ ఇంట్లో ఆవిడ గొంతు ఒక్కదాంట్లోనూ లేదు. లేకుండా చేసింది నేనే.

ఆ రోజుల్లో రావులపాలెంలో ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉండేవాళ్ళం, ఒకదాంట్లో అన్నయ్యావాళ్ళు, ఒకదాంట్లో మేము. అన్నయ్య అరటితోటల వ్యవసాయం చేసుకుంటూ, తీరిక దొరికితే వేణువు పట్టుకునేవాడు. నేను జీతం దాచుకుని కొన్న టేప్ డెక్కుతో ఆదివారం మధ్యాహ్నాలు, గెలల లారీల గోల తగ్గిన వేళ చూసుకుని, ఆయన వాయిస్తుంటే రికార్డు చేసేవాణ్ణి. డెక్కు మీద ఎర్రదీపం వెలిగిందంటే ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదని నా శాసనం. మా ఆవిడ కుక్కరు కూత వెయ్యకముందే స్టవ్వు ఆర్పేసేది. అన్నం పలుకుగా ఉందని మళ్ళీ నేనే విసుక్కునేవాణ్ణి, నా న్యాయం అలా ఉండేది. ఒకసారి పాపం తుమ్మింది. క్యాసెట్టులో ఆ పక్కంతా చెరిపేసి మళ్ళీ పట్టాను. ఇంకోసారి, తన గొంతు కూడా కాస్త పట్టమని, ఎలా ఉంటుందో వింటానని అడిగింది. నువ్వు మాట్లాడేది రోజూ వింటూనే ఉన్నాం కదా, దానికి క్యాసెట్టు ఎందుకు దండగ అన్నాను. నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అందుకే ఆ "ఏమం" అన్న రెండక్షరాలూ పట్టుకుని వారం రోజులు వేలాడాను. చిక్కేమిటంటే, మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ మొగుళ్ళని పిలిచేది ఒకే మాటతో. మా వాటాలో ఏమండీ అంటే అన్నయ్య పలికేవాడు, వాళ్ళ వాటాలో ఏమండీ అంటే నేను లేచి వెళ్ళి నవ్వులపాలయ్యేవాణ్ణి. పేరు పెట్టి పిలిచే అలవాటే ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఒకసారి వింటే అచ్చం మా ఆవిడే అనిపించేది, మరోసారి వింటే కాదేమోనని మళ్ళీ పెట్టుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేసిన భార్య గొంతు అవునో కాదో తేల్చుకోలేకపోవడం నాకే సిగ్గనిపించింది.

చివరికి మా వదినగార్ని రమ్మన్నాను. మామిడితాండ్ర పొట్లం పట్టుకుని బస్సులో వచ్చారు. వచ్చిన మనిషికి మంచినీళ్ళయినా ఇవ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టేశాను. నా ఆత్రంలో నేను మరిచిపోయిందేమిటంటే, ఆ వేణువు ఆవిడ భర్తది. అన్నయ్య పోయాక ఆవిడ దాన్ని వినడం అదే మొదలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసి ఆపబోయాను. వద్దని చేత్తో వారించారు. ఆ చోటు రాగానే తలెత్తి విన్నారు.

"అది నేనేనండి, మరిదిగారూ."

ఇక అది కూడా లేదన్నమాట. ఆవిడ నా మొహం చూసి, ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టాను.

"మీ అన్నయ్యగార్ని భోజనానికి పిలవబోయానండి. మా చెల్లి, అదే మీ ఆవిడ, అవతల ఆవకాయ కలుపుతోందేమో, పరిగెత్తుకొచ్చి నా నోరు మూసేసింది. ఆయన మళ్ళీ మొదట్నించీ చేసుకోవాలక్కా అంది. చేతినిండా కారమేనండి బాబూ. సాయంత్రం దాకా నా మూతి మండిపోయింది."

చెబుతూ చెబుతూ నవ్వేశారు, కళ్ళు తుడుచుకుంటూనే. నేను ఆవిడ ఎదుటే చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

వదినగార్ని బస్సెక్కించి వచ్చాను. అప్పట్నించీ రోజూ ఆ పాట పెట్టుకుంటున్నాను. "ఏమం" తరువాత వచ్చే ఆ కాస్త ఖాళీలో మా ఆవిడ ఉంది, పని మధ్యలో వదిలేసి వచ్చి, నా పాట చెడకూడదని ఊపిరి బిగబట్టుకుని. ఇంత శ్రద్ధగా ఆవిడ మాట నేనెన్నడూ విని ఎరగను.

ఎదురు ఫ్లాటులో కొత్తగా పెళ్ళయినవాళ్ళున్నారు. ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటారు. ఫోను పైకెత్తి పాడినా, పోట్లాడినా, ఊరికే కూరలు తరుగుతున్నా రికార్డు చేసుకుంటారు, మధ్యలో కుక్కరు కూస్తే నవ్వుకుంటారు. మా రోజుల్లో ఇంత వాగుడు లేదని ఒకప్పుడు గొణుక్కునేవాణ్ణి. ఇప్పుడు వాళ్ళ తలుపు దగ్గర నడక నెమ్మది చేసుకుని వింటున్నాను. ఒక్క ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడను పిలిచి, ఇటొచ్చి కూర్చుని ఏదో ఒకటి మాట్లాడు, పడుతున్నాను అని ఉంటే ఎంత బాగుండేది.