అడుగున కన్నం

పెళ్లైన కొత్తలో, అరవైల చివర, మేం అరసవల్లిలో ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. మాది సముద్రం ఒడ్డు పల్లె. మా ఇళ్లలో మగాళ్లందరూ వేటకు వెళ్లేవాళ్లే. నా మొగుడు మేనత్త కొడుకు, అంటే నాకు సొంత బావ. వాళ్లింట్లో నాలుగక్షరాలు నేర్చుకున్నది అతనొక్కడే. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో బంట్రోతు ఉద్యోగం దొరకగానే నన్ను వెంటబెట్టుకుని వచ్చేశాడు.

ఆ ఊరు నాకు ఒక్క రోజు కూడా నచ్చలేదు. పొద్దున్నే లేస్తే గాలిలో ఉప్పు ఉండేది కాదు. నావలొచ్చాయన్న కేకలు వినపడేవి కావు. గది ముందు వాకిలంతా నాపరాళ్లు, పిడికెడు మట్టి కావాలన్నా వీధిలోకి పోవాల్సిందే. బావ సైకిలెక్కి ఆఫీసుకు వెళ్లిపోయాక గోడల్ని చూస్తూ కూర్చునేదాన్ని. ఏడుపు నాకు చేతకాదు కాబట్టి కోపం తెచ్చుకునేదాన్ని. గిన్నెలు ఎత్తెత్తి పెట్టేదాన్ని.

రథసప్తమికి వచ్చిన జనమంతా తిరిగి వెళ్లాక ఒక రోజు మా అమ్మ చూడ్డానికి వచ్చింది. వెళ్లేటప్పుడు చీర కొంగు ముడి విప్పి దోస విత్తనాలు నా చేతిలో పోసింది. మా ఇంటి గుమ్మం పక్కన ఇసకలో కాసే దోస అది, పచ్చిగా కొరుక్కుతినే రకం. బస్సు దగ్గర అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పేశాను.

"అమ్మా, ఈ పాదు కాయ కాసిందా, ఉంటాను. కాయనేదా, ఎంటనే బస్సెక్కి వచ్చేస్తాను. మరి నన్నేటీ అనకూడదు."

"ముందు నాటవే, తరవాత సూద్దాం" అంది అమ్మ. బావ పక్క కొట్లో అమ్మకోసం జీళ్లు కట్టిస్తున్నాడు. వినలేదనే అనుకున్నాను.

మర్నాడు బావ ఒక మిఠాయి కొట్టు నుంచి ఖాళీ నూనె డబ్బా తెచ్చాడు. పైమూత కోయించి, నాగావళి ఒడ్డు నుంచి రెండు సంచుల ఒండ్రుమట్టి మోసుకొచ్చి నింపాడు. విత్తనాలు నాలుగు మొలిచాయి. బలంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి పీకేశాను. అది కిటికీ ఊచ పట్టుకుని పైకి లేచింది. నాకూ కొంచెం ప్రాణం లేచొచ్చింది. గిన్నెల చప్పుడు తగ్గిందని ఇంటి ముసలావిడ కూడా అంది.

తీగ నా నడుం ఎత్తు వచ్చేసరికి అడుగు ఆకు పచ్చబడింది. పచ్చబడిందంటే పసుపురంగు పచ్చ. ముందు ఆకు ఈనెల మధ్య, తరవాత ఆకంతా. రెండు రోజులకి దాని పైది. ఆకలేసి ఉంటుందనుకుని చేపలు కడిగిన నీళ్లు పోశాను. మా పల్లెలో పాదులకి అదే తిండి. ఇంకో మూడాకులు పచ్చబడ్డాయి. దాహమేమోనని సాయంత్రం పోసే చెంబు నీళ్లు రెండు చెంబులు చేశాను. ఆకులు వేలాడిపోయాయి. వేలాడుతున్నాయి కదా అని మళ్లీ పోశాను.

ఒక పక్క భయం, ఇంకో పక్క, అబద్ధం ఎందుకు, కొంచెం సంతోషం. పాదు పోతే మా ఊరెళ్లిపోవచ్చు. ఆ సంతోషం నాకే సిగ్గనిపించి, వెళ్లి ముసలావిడని పిలిచాను. ఆవిడది పొందూరు వైపు వ్యవసాయం కుటుంబం. భర్త పోయాక కూతురికి దగ్గరగా ఉంటుందని ఈ ఇల్లు కొనుక్కుంది. నోరు పెద్దది. వచ్చి, డబ్బాలో వేలు గుచ్చి, ఆ వేలు వాసన చూసి మొహం చిట్లించింది.

"ఒసే పిల్లా, ఇది పాదు కాదే, ఊబి. కింద యేర్లు కుళ్లిపోతన్నాయి. ఎన్ని నీళ్లు పోస్తన్నావే?"

"సాయంత్రం రెండు సెంబులే మామ్మా."

"రెండు సెంబులకి ఇంత బురద అవదు. మీ ఆయన పొద్దున్నే బిందె తీసుకుని ఏటి సేస్తన్నాడో అడుగు."

బావ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి సైకిలు గోడకి ఆనిస్తున్నాడు. తల తిప్పి చూడకుండా తాళం వేస్తూ ఉండిపోయాడు.

"నువ్వు కూడా పోస్తన్నావేటి బావా?"

"నువ్వు లేవకముందు పోస్తన్నాను. సగం బిందె." తాళంచెవి జేబులో వేసుకుంటూ అన్నాడు. "బస్సు కాడ మీయమ్మతో అన్నది ఇన్నాను. ఇది సచ్చిపోతే నువ్వెల్లిపోతావు కదా."

నెల రోజులుగా ఒక్క ముక్క అనలేదు. ఉండమని బతిమాలలేదు, కోప్పడలేదు. పొద్దున్నే లేచి నూతిలో నీళ్లు తోడి దోసపాదుకు పోశాడు. ఇద్దరం కలిసి దాన్ని ముంచేస్తున్నాం.

ముసలావిడ డబ్బాని పక్కకి వంచి అడుగు చూసింది. "కన్నం ఏదర్రా? నీళ్లు ఎటు పోతాయి?"

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇసకలో పెరిగినవాళ్లం. మా ఇసకలో కడవలు కడవలు పోసినా గుటుక్కున తాగేసి ఇంకా అంటుంది. నీళ్లు నిలవుంటాయన్న సంగతే మాకు తెలీదు. పైగా నావమీద బతికేవాళ్లం. మా ఇళ్లలో అడుగున కన్నం అన్న మాట కూడా ఎవరూ పైకి అనరు. చిల్లు పడ్డ బిందె అయినా బోర్లించి దాస్తాం. చేతులారా బాగున్న డబ్బాకి కన్నం పెట్టడమా?

ముసలావిడ మేకూ రాయీ తెచ్చి బావ చేతిలో పెట్టింది. అతను మేకు అడుగున ఆనించాడు. రాయి ఎత్తాడు. దించేశాడు.

"నా సెయ్యి రాటం నేదు" అన్నాడు. "మా అయ్య నావలోనే ఉన్నాడు."

వాళ్లయ్య ఆ నెలంతా వేటలో ఉన్నాడు. అతని భయం నాకు తెలుసు. నాకూ అదే భయం. అయినా పాదు వంక చూశాను, అతని వంక చూశాను. ఏ బస్సూ ఎక్కాలని లేదని అప్పుడు నాకే తెలిసింది. మేకు లాక్కుని గట్టిగా కొట్టాను. నాలుగు కన్నాలు. నల్లటి నీళ్లు కంపు కొడుతూ నాపరాళ్ల మీద పారాయి. బావ కళ్లు మూసుకుని సముద్రం వైపు దండం పెట్టుకున్నాడు.

"ఈ పండిపోయిన ఆకులు మళ్లీ పచ్చగా అవుతాయా మామ్మా?" అడిగాను.

"అవ్వవే. పోయినవి పోయినట్టే, తుంచేయి. సిగురు సూడు. సిగురు బాగుంటే పాదు బాగున్నట్టే."

డబ్బాకింద రెండు ఇటుకలు పెట్టించింది. వేలు గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యమంది. డబ్బాలో మట్టి ఎంతని, దాని బలం పాదు ఎప్పుడో తినేసిందని తిడుతూ, చివికిన పేడ తనే గంపలో తెప్పించి రెండు గుప్పిళ్లు వేసింది. చేపనీళ్లు వారానికొకసారి చాలంది. బావ వాళ్లయ్య, అంటే మా మావ, ఆ వారంలోనే క్షేమంగా ఒడ్డు చేరాడని కబురొచ్చింది. బావ ఆ రోజు మామూలుకన్నా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పదిరోజులపాటు చిగురు కదల్లేదు. ఆ తరవాత ఒక పొద్దున్న అరచెయ్యంత ఆకు విచ్చింది, నిగనిగలాడుతూ. వేలు గుచ్చి చూడటం ఇద్దరికీ ఒక పిచ్చి అయిపోయింది. బావ ఆఫీసుకు మట్టి గోళ్లతోనే వెళ్లేవాడు. పూత వచ్చింది, కొంత రాలింది. ఒక పువ్వు వెనక చిటికెన వేలంత పిందె నిలిచింది.

కాయ కోసిన రోజు మూడు ముక్కలు చేశాను. ఒకటి ముసలావిడకి ఇచ్చొచ్చాను. బావ తన ముక్క చేత్తో పట్టుకున్నాడు గానీ తినలేదు.

"కాసింది కదా" అన్నాడు. "మరి ఉంటావా?"

దోసముక్క కొరికి, నమిలి, మింగాను.

"ఇంకో డబ్బా తే బావా" అన్నాను. "ఈసారి కన్నం నువ్వే పెట్టాల."